ఆటలో హీరో ఎవరి మనిషి?

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఆడేవాడు ఒక వేషం కట్టి, ఆ వేషంలోనే ఉండి నిర్ణయాలు తీసుకునే ఆట. ఆ వేషం లోపలి మనిషిని ఎవరు తయారుచెయ్యాలి, ఆట రాసినవాళ్ళా, ఆడేవాళ్ళా అన్న తగువు ఇవాళ్టిది కాదు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. కథ నడిపే డంజన్ మాస్టర్ కూడా మనిషే. ‘నా వీరుడికి నీళ్ళంటే భయం, పడవెక్కడు’ అని ఎవరైనా అంటే ఆయన విని, కథని ఆ భయం మీదుగా నడిపించగలడు. ఆ ఆట కంప్యూటర్లోకి వచ్చేసరికి వినే మనిషి లేకుండా పోయాడు. ఆటగాడి మనసులో ఏముందో యంత్రానికి తెలియదు. ముందే రాసిపెట్టిన దారుల్లో దేన్ని నొక్కాడో అంతవరకే తెలుస్తుంది. మిగతా గొడవంతా అక్కడినుంచే.

ఇక్కడ మాట్లాడుకునేది ఒక అక్కా తమ్ముడూ. అక్క కథలు, రేడియో నాటకాలు రాస్తుంది. తమ్ముడు కాలేజీ రోజులనుంచి ఈ ఆటలు ఆడుతున్నాడు. నా మొగ్గు తమ్ముడివైపే, దాచడం ఎందుకు. అయితే అక్క అడిగినవాటికి జవాబు చెప్పకుండా ఆ పక్షం నిలబడదు.

అక్క: నువ్వు మురిసిపోయే ఖాళీ హీరో మీద నాకు నమ్మకం లేదురా. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’నే తీసుకో. ఖైదీని బండిలో ఎక్కించి తెస్తారు. ఎవరో తెలీదు, చేసిన నేరమేంటో తెలీదు. సరే, బాగానే ఉంది. ఆ తర్వాత? ఆ ఖైదీయే మంత్రవిద్యల కాలేజీకి పెద్దవుతాడు, దొంగల ముఠాకి నాయకుడవుతాడు, డబ్బుకి ప్రాణాలు తీసే కూటమికీ పెద్దదిక్కవుతాడు. ‘నువ్వసలు ఎలాంటి మనిషివి?’ అని ఆ లోకంలో నిలదీసేవాళ్ళు ఉండరు. మనిషికి ఒక రూపం ఇవ్వకపోతే లోకం అతనితో ఏం మాట్లాడాలి?

తమ్ముడు: అవన్నీ అవ్వమని ఆట నన్నేమీ బలవంతపెట్టలేదు కదక్కా. నేను ఆడిన మనిషి ఒక వేటగాడు. వాడు ఊళ్ళో రాత్రి పడుకోడు. చిన్నప్పుడు వాడి ఊరు రాత్రిపూట తగలబడింది. ఈ సంగతి ఆటలో ఎక్కడా లేదు, నేను అనుకున్నదే. కానీ అనుకున్నాక నా ఆటంతా మారిపోయింది. పొద్దుగూకేలోగా ఎంత పని ఉన్నా వదిలేసి ఊరు దాటేవాణ్ణి. సత్రంలో మంచం ఉండగా అడవిలో చలికి నడిచేవాణ్ణి. మొదట్లోనే హెల్గెన్ అనే ఊరిని డ్రాగన్ వచ్చి కాల్చేస్తుంది చూడు, ఆడేవాళ్ళకి అది మొదటి మంట. నా వేటగాడికి రెండోది. ఆ ఊళ్ళోంచి పరిగెత్తేటప్పుడు నా చేతులు నిజంగా వణికాయి.

అక్క: బాగుంది. కథగా రాస్తే నేనే అచ్చుకి పంపుతాను. కానీ అది నీ కథ. అందులో ఆటకి వాటా ఏముంది? ఆ మంట గురించి సత్రం నడిపేవాడు ఒక్క మాట అడిగాడా? మర్నాడు ఊళ్ళోకి వస్తే ‘రాత్రంతా ఎక్కడున్నావు?’ అన్నవాళ్ళున్నారా? నీ ఊహని ఆట విననే లేదు. గోడకి చెప్పుకుంటే గోడ గొప్పదవుతుందా?

తమ్ముడు: నా ఊహని కాదనకుండా ఉండటమే దాని వాటా. అది తక్కువ పని కాదక్కా. కాదనడం ఎంత తేలికో ‘ఫాల్అవుట్ 4’ ఆడినవాళ్ళకి తెలుసు. 2015లో వచ్చింది. అంతకుముందు ఆ వరసలో హీరో నోరు తెరిచి మాట్లాడేవాడు కాదు, ఇందులో గొంతు పెట్టారు. మగవాణ్ణి ఎంచుకుంటే మాజీ సైనికుడు, ఆడమనిషిని ఎంచుకుంటే లా చదివిన ఆవిడ. పెళ్ళయింది, పసిబిడ్డ ఉన్నాడు. కళ్ళముందే తోడుని చంపి బిడ్డని ఎత్తుకుపోతారు. ఇక ఆడేవాడు ఏ మనిషిని ఊహించుకోవాలి? పెళ్ళే వద్దనుకునే మనిషిని ఊహించుకుంటే మొదటి అరగంటలోనే వాడు చచ్చిపోయాడు. పోనీ తండ్రిగానే ఉందామంటే, ఆ ఆటలో సగం సరదా శిథిలాల్లో ఇనుమూ చెక్కా ఏరుకొచ్చి ఊళ్ళు కట్టడంలో ఉంది. బిడ్డ కనపడకుండా పోయిన తండ్రి కంచెలు పాతుకుంటూ కూర్చుంటాడా? ఇచ్చిన మనసు ఒకటి, ఇచ్చిన పని ఒకటి.

అక్క: అది రాతలో లోపం. రూపం ఇవ్వడంలో లోపం కాదు. అదే 2015లో పోలండ్ వాళ్ళ ‘విచర్ 3’ కూడా వచ్చింది. అందులో హీరో గెరాల్ట్ పూర్తిగా తయారైన మనిషి. ఆంజెయ్ సప్కోవ్‌స్కీ కథల్లో పుట్టి, పెరిగి, నలిగి, ఆటలోకి నడిచొచ్చాడు. నువ్వు చేత్తో చేసేది ఏమీ మిగల్లేదంటావు. సరే, ఒక్క ఘట్టం చూడు. గెరాల్ట్‌ని పెంచిన వెసెమిర్ యుద్ధంలో పోతాడు. గెరాల్ట్ కూతురిలా పెంచుకున్న సిరి ఒక మూల కుమిలిపోతూ ఉంటుంది. నీ ముందు రెండు మాటలుంటాయి. ఒకటి, అన్నిట్లోనూ నువ్వే గొప్పగా ఉండక్కర్లేదులే అని సర్దిచెప్పేది. రెండోది నొక్కితే గెరాల్ట్ ఏమీ బోధించడు. బయటికి తీసుకెళ్ళి ఆమెతో మంచు ముద్దలు విసురుకుంటూ ఆడతాడు. అంతే. ఇదేదో చిల్లర విషయంలా ఉంటుంది. కానీ ఇలాంటి కొన్ని చిన్న నిర్ణయాల మీదే చివర్లో సిరి తిరిగొస్తుందా లేదా అన్నది ఆధారపడుతుంది. పిల్లని నమ్మిన తండ్రివా, చెయ్యి వదలని తండ్రివా? ఈ ప్రశ్న అడగాలంటే ముందు వాడు తండ్రి అయ్యుండాలి కదరా. ఎవరూ కాని మనిషిని ఈ ప్రశ్న ఎలా అడుగుతారు?

తమ్ముడు: ఒప్పుకుంటాను. ఆ ఘట్టం ఖాళీ హీరోతో కుదరదు.

అక్క: అదే నా మాట. మన పద్యనాటకంలో కృష్ణరాయబారం చూడు. తిరుపతి వేంకట కవుల పద్యాలు జనానికి నోటికొచ్చు. ఏ పద్యం తర్వాత ఏది వస్తుందో ముందు వరసలో కూర్చున్న ముసలాయనకి నటుడికంటే బాగా తెలుసు. అయినా ఒక కృష్ణుడిలా ఇంకో కృష్ణుడు ఉండడు. ఒకాయన నవ్వుతూ బెదిరిస్తాడు, ఇంకొకాయన బెదిరిస్తూ బతిమాలతాడు. రాసినదంతా ముందే ఉన్నా, లోపల నటుడికి చోటు ఉంది. ఆ చోటుకి హద్దులున్నాయి కాబట్టే అక్కడ కళ పుడుతుంది.

తమ్ముడు: కానీ కృష్ణుడు ఎంత బాగా పాడినా సంధి కుదరదక్కా. నటుడికి ఆ అధికారం లేదు. ఆటలో ఆ అధికారం ఇస్తామని చెప్పి మరీ నన్ను పిలిచారు. నిర్ణయం నాది అన్నాక, ఆ నిర్ణయం వెనకాల కారణం మాత్రం మీరు చెప్పినదే అంటే ఎలా? ఒకణ్ణి చంపకుండా వదిలేశాననుకో. జాలితో వదిలానా, భయంతో వదిలానా, రేపు పనికొస్తాడని వదిలానా, అది నాకే తెలియాలి. మాస్ ఎఫెక్ట్‌లో ఏమవుతుందో చూడు. 2007లో మొదటిది. చక్రంలాంటి దానిమీద రెండు మూడు పొడి మాటలుంటాయి. ఒకటి నొక్కుతావు. హీరోయిన్ షెపర్డ్ మాత్రం అక్కడ లేని వాక్యం, నువ్వు అనుకోని విసురుతో అంటుంది. నేను మెత్తగా కాదందామనుకున్నాను. ఆవిడ ఎదుటివాణ్ణి కసిరింది. అది నా మాట కాదు అని అరవాలనిపిస్తుంది.

అక్క: షెపర్డ్‌కి పలికిన జెనిఫర్ హేల్ గొంతు అంత బాగుంటే అలా అంటావేం! ఆ గొంతు లేకపోతే షెపర్డ్ ఎవరికి గుర్తుంటుంది?

తమ్ముడు: గొప్ప గొంతే. ఆవిడ మాట్లాడుతుంటే నేను సినిమా చూసినంత ఇష్టంగా వింటాను. కానీ అప్పుడు నేను ప్రేక్షకుణ్ణి.

అక్క: అయితే 2011లో ‘డ్రాగన్ ఏజ్ 2’ వాళ్ళు చేసిన పని నీకు నచ్చాలి. హాక్ అనే హీరోకి గొంతు ఉంది, ఇల్లుంది, తల్లి ఉంది. కానీ నువ్వు ఎక్కువగా మెత్తగా మాట్లాడుతున్నావా, వెటకారంగానా, కటువుగానా అన్నది ఆట లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. కొంతకాలానికి నువ్వు నొక్కని చోట కూడా హాక్ అదే ధోరణిలో పలుకుతాడు. నువ్వు నేర్పినట్టే వాడు తయారయ్యాడు. ఇది వినడం కాదా?

తమ్ముడు: వినడమే. ఇలాంటివి ఇంకా రావాలి. కాకపోతే ధోరణులు మూడే. నా వేటగాడు తక్కువ మాట్లాడేవాడు. ఆ మూడింట్లో మౌనం లేదు.

అక్క: మౌనాన్ని కూడా లోకం వినాలనే కదా నా బాధ. లోకం వినడం అంటే ఏంటో 1998లో ‘ఫాల్అవుట్ 2’ చూపించింది. హీరోకి తెలివి బాగా తక్కువ పెట్టి ఆడితే, వాడి నోట్లోంచి ముక్కలూ మూలుగులూ తప్ప మాట రాదు. జనం విసుక్కుంటారు, పని ఇవ్వరు. క్లమత్ అనే ఊళ్ళో పశువులు కాసే టోర్ ఉంటాడు. మామూలు హీరోకి అతని మాటలు మందబుద్ధి మాటల్లా వినిపిస్తాయి. నీ హీరో కూడా అలాంటివాడే అయితే ఆ ఇద్దరూ చక్కటి భాషలో పండితుల్లా మాట్లాడుకుంటారు! టోర్ లోపల ఎలాంటివాడో ఇంకెవరికీ తెలియదు. ఒక అంకె తగ్గించుకున్నందుకు ఆట నీకు ఇంకో లోకం చూపించింది. స్కైరిమ్‌లో నీ వేటగాడికి ఇలాంటిది ఒక్కటి దక్కి ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు.

తమ్ముడు: అక్కా, అది నా వాదనకే బలం. అక్కడ ఆట హీరో మనసు రాయలేదు. నేను పెట్టిన అంకెని పట్టుకుని లోకాన్ని రాసింది. 1985లోనే రిచర్డ్ గారియట్ ‘అల్టిమా 4’లో ఇంతకంటే సూటిగా చేశాడు. అందులో చంపాల్సిన దుష్టుడంటూ లేడు. ఎనిమిది సుగుణాలు సాధించాలి. మూలికలు అమ్మే ఆవిడకి కళ్ళు లేవు. సరుకు తీసుకున్నాక ఎంత ఇవ్వాలో నువ్వే టైప్ చెయ్యాలి. తక్కువ ఇచ్చినా ఆవిడ ఏమీ అనదు, ఆట ఏమీ అనదు. నీ నిజాయితీ మాత్రం లోపల తగ్గిపోతుంది. నువ్వు ఎవరివో ఆ ఆట చెప్పలేదు. ఏం చేశావో రాసుకుంది.

(ఇక్కడ నాదొక మాట. ఆ గుడ్డి అమ్మకందారు ముందు నిలబడ్డ క్షణాన్ని మించి ఆటగాడి మనసుకి పరీక్ష పెట్టిన ఆట ఈ నలభై ఏళ్ళలో నాకు కనిపించలేదు. పొడవాటి సంభాషణ లేదు, గొంతు లేదు, ముఖమైనా సరిగ్గా కనిపించదు. ఒక అంకె టైప్ చెయ్యడమే.)

అక్క: సరే, ఇప్పుడు నా బలమైన ముక్క తీస్తాను. ‘డిస్కో ఎలీసియం’, 2019. ఎస్టోనియా వాళ్ళది. డిటెక్టివ్ ఒకడు హాస్టల్ గదిలో నేలమీద కళ్ళు తెరుస్తాడు. పేరు కూడా గుర్తులేదు. టై ఫ్యాను రెక్కకి వేలాడుతూ తిరుగుతూ ఉంటుంది. వాడికి గతం ఉంది, ఆ గతం మొత్తం రాసి ఉంది. కానీ వాడికి తెలియదు, నీకూ తెలియదు. వాడి తలలో ఇరవైనాలుగు సామర్థ్యాలు మనుషుల్లా మాట్లాడతాయి, తగువులాడతాయి. ఏ గొంతుకి బలం ఇస్తావో వాడు అలాంటి మనిషవుతాడు. ఒంట్లో సత్తువ అసలే లేనివాణ్ణి తయారుచేసుకుని గదిలో లైటు వేస్తే ఆ వెలుగుకే గుండె ఆగి చచ్చిపోవచ్చు! రాసిన మనిషీ ఉన్నాడు, ఆడేవాడి చెయ్యీ ఉంది. ఇంకేం కావాలి నీకు?

తమ్ముడు: గొప్ప ఆట. కాదనను. ఆడినన్నాళ్ళూ నిద్ర పట్టలేదు. కానీ ఆ ఇరవైనాలుగు గొంతులూ నా లోపల అనాల్సినవన్నీ ముందే అనేస్తాయక్కా. ఒకణ్ణి చూడగానే అసూయపడాలా, జాలిపడాలా అని నేను ఆలోచించేలోపు ఒక గొంతు అసూయ పడుతుంది, ఇంకో గొంతు జాలిపడుతుంది. ఎంతో అందమైన వాక్యాలు, నిజమే. కానీ నా తలలో నాకంటూ ఒక్క మూలైనా వదల్లేదు. అది చదివిన అనుభవం. వేటగాడు నేను బతికిన అనుభవం.

అక్క: బతికావంటే ఆ వేటగాడి గురించి ఎవరైనా నీకు తెలియనిది చెప్తే తట్టుకోగలవా?

తమ్ముడు: తట్టుకోలేను. అసలు నా కోపమంతా అక్కడే. ‘ఫాల్అవుట్: న్యూ వేగస్’, 2010. హీరో ఒక కొరియర్. తలలో తుపాకీ గుండు దిగింది, డాక్టర్ మిచెల్ అనే ముసలాయన బతికించాడు. అంతకుముందు ఎవరు, ఎక్కడివాడు, దాదాపు ఏమీ చెప్పరు. నేను డెబ్బై గంటలు ఆడి ఒక మనిషిని చేసుకున్నాను. మరుసటి ఏడాది ‘లోన్సమ్ రోడ్’ అని అదనపు కథ వచ్చింది. యులిసీస్ అనేవాడు ఎదురై అంటాడు కదా, ఒకప్పుడు నువ్వు మోసుకొచ్చిన మూటవల్లే ఒక ఊరు ఊరంతా నాశనమైందని. నా కొరియర్ ఆ దారిన ఎప్పుడూ పోలేదక్కా! ‘అది నేను కాదు’ అని నేను ఎంత అనుకున్నా, ఆ మూట మోసింది నువ్వే అంటుంది కథ.

అక్క: రచయితగా నాకు అది చాలా మంచి ఆలోచన అనిపిస్తుంది. తెలియక మోసిన మూటకి బాధ్యత ఎవరిది అన్నది పెద్ద ప్రశ్న.

తమ్ముడు: పెద్ద ప్రశ్నే, కానీ నన్ను మొదటి రోజు అడగాలి. గెరాల్ట్‌ని ఇచ్చినవాళ్ళు ముందే చెప్పారు, ఇతను గెరాల్ట్ అని. నేను ఒప్పుకుని ఎక్కాను. 2023లో ‘బాల్డర్స్ గేట్ 3’ వాళ్ళూ అంతే. నీకు నచ్చిన మనిషిని చేసుకో, లేదా మేము రాసిన వాళ్ళలో ఒకరిని తీసుకో, లేదా ‘డార్క్ అర్జ్’ అనేది ఉంది, దానికి మాత్రం నీకు తెలియని నెత్తుటి గతం ఉంటుంది అని మొదటి తెరమీదే చెప్పారు. కావాలని ఎంచుకున్నవాడికి ఆ గతం బయటపడినప్పుడు గుండె గుభేలుమంటుంది, మోసం అనిపించదు. ఇచ్చేసిన ఖాళీని తర్వాత వెనక్కి లాక్కోవద్దు. నేను అడిగేది అంతే.

అక్క: ...ఇది న్యాయంగానే ఉంది. నాటకంలోనైనా అంతే. మూడో అంకంలో నటుడికి కొత్తగా ఒక తండ్రిని తెచ్చి పెడితే ముందు రెండంకాల్లో అతను పలికినదంతా తప్పైపోతుంది. సరే, ఇది వదిలెయ్. గొంతు సంగతి మాత్రం నేను వదలను. రేడియోలో ముప్పై నిమిషాల్లో మనిషిని నిలబెట్టేది గొంతొక్కటే. నీ మూగ హీరోని ఎవరు ప్రేమిస్తారు?

తమ్ముడు: మూగ కాదక్కా. ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’, 2009. అక్కడ హీరో పైకి మాట్లాడడు, అనాల్సిన వాక్యం పూర్తిగా రాసి ఉంటుంది. ఇంగ్లీషులోనే. మనం చెప్పుకున్న ఈ ఆటల్లో ఒక్కటీ తెలుగులో రాలేదు. నేను ఆ వాక్యాన్ని కళ్ళతో ఇంగ్లీషులో చదువుతాను, లోపల అది తెలుగులో పలుకుతుంది. ఊరి పెద్ద ఏదో అంటే నా హీరోయిన్ ‘అలాగే లెండి, చూద్దాం’ అంటుంది. ఆ ‘చూద్దాం’ మన అమ్మమ్మది. చెయ్యను అని చెప్పడానికి అమ్మమ్మ అనే ‘చూద్దాం’. రాసినవాళ్ళకి ఆ సంగతి తెలిసే దారే లేదు. అయినా వాళ్ళు వదిలిన నిశ్శబ్దంలో అమ్మమ్మకి చోటు దొరికింది. అక్కడ ఒక ఇంగ్లీషు నటి గొంతు పెట్టి ఉంటే, ఎంత గొప్ప నటైనా సరే, అమ్మమ్మ వచ్చేది కాదు.

అక్క: దీనికి నా దగ్గర జవాబు లేదురా. కానీ రేపు ఇదే ఆట తెలుగులో వచ్చి, మంచి తెలుగు గొంతు పెడితే? అప్పుడు నీ వాదన పోయినట్టే కదా.

తమ్ముడు: ఏ తెలుగు గొంతు? శ్రీకాకుళం అమ్మాయి ఆడుతుంది, కరీంనగర్ అబ్బాయి ఆడతాడు, కడపవాడు ఆడతాడు, డల్లాస్‌లో పుట్టి తెలుగు సగమే వచ్చినవాడూ ఆడతాడు. హీరో ఒక్క యాసలో నోరు తెరిస్తే మిగిలినవాళ్ళందరికీ వాడు పక్కింటివాడైపోతాడు. రాసిన తెలుగు వాక్యం ఇస్తే ఎవరి యాసలో వాళ్ళు చదువుకుంటారు. ఎదురుగా మాట్లాడేవాళ్ళకి మాత్రం గొంతులుండాలి, ఎన్ని యాసలుంటే అంత మంచిది. నువ్వన్న రేడియో బలం అక్కడ వాడుకోవచ్చు.

అక్క: దానితోపాటు నా షరతు కూడా రాసుకో. ఆ ఎదుటివాళ్ళకి చెవులుండాలి. నీ హీరోయిన్ ‘చూద్దాం’ అని వారంరోజులు ఆ పని చెయ్యకపోతే, ఊరి పెద్దకి కోపం రావాలి. అది రాయడానికి ఎంత కాగితం పట్టినా సరే. ఆ కోపం రాయని ఆట నాకు అక్కర్లేదు.

తమ్ముడు: అది నాకూ కావాలక్కా. స్కైరిమ్‌లో నాకు తక్కువైంది అదే.

వాళ్ళ మాటలు ఇక్కడితో ఆగాయి. తమ్ముడిలాగే ఫాల్అవుట్ 4 హీరో గొంతు నచ్చక, హీరో నోరు మూయించే మాడ్‌లనీ (ఆటకి ఆటగాళ్ళు చేసుకునే మార్పుల్ని అలా అంటారు), హీరో అనబోయే వాక్యం మొత్తం తెరమీద చూపించే మాడ్‌లనీ ఆటగాళ్ళే తయారుచేసుకున్నారు. ఆ ఆట తయారుచేసిన సంస్థే 2023లో తెచ్చిన ‘స్టార్‌ఫీల్డ్’లో హీరో మళ్ళీ మౌనంగా ఉన్నాడు, అనాల్సిన వాక్యం మళ్ళీ పూర్తిగా తెరమీద కనపడింది. హైదరాబాద్‌లోనూ, బయటా ఆటలు తయారుచేసే తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువమందేం కాదు. వాళ్ళలో ఎవరైనా తెలుగులో ఇలాంటి ఆట రాయాలని కూర్చుంటే నాదొక విన్నపం: హీరో గొంతుకి పెట్టాలనుకున్న డబ్బు ఊరి పెద్దకీ, సత్రం యజమానికీ, మూలికలమ్మే ఆవిడకీ పెట్టండి. హీరో అనాల్సిన మాట తెలుగులో రాసి తెరమీద ఉంచండి, మేము చదువుకుంటాం.